గోడలోకి వెళ్ళని పాదాలు

…జాజు ఎక్కువైందనీ కాదు, బంక తక్కువైందనీ కాదు, ఆ కాళ్ళకు రంగు వేసినవాడు అసలు కాళ్ళ వైపు చూడనే లేదు, ముఖానికి కలిపిన రంగు చిప్పలో మిగిలితే దాన్నే కిందిదాకా పూసేశాడు, మీద పారాణి గీత ఒకటి గీసి చేతులు కడుక్కున్నాడు, మనుషుల కాళ్ళు వాళ్ళ ముఖాల రంగులోనే ఉంటాయని వాడికి ఎవరు చెప్పారో, అనుకుంటూ అగ్గన్న సానరాతి మీద గుండ్రాయిని తిప్పుతున్నాడు. రాయి కింద హరిదళం పచ్చగా మెత్తబడుతోంది. అతడి వెనక, చిత్రశాల నడిమధ్యలో, ఎవరూ లేనిచోట, రెండు పాదాల చప్పుడు వినిపిస్తోంది.

మొదట్లో తిరిగి చూసేవాడు. నున్నటి నల్లరాతి నేల, దాని మీద ఎండ, అంతే. చప్పుడు మాత్రం పట్టపగలు, మనిషి పక్కనే నిలబడి ఉన్నంత దగ్గరగా వచ్చేది. ఆ పాదాలు అతడి అక్క గౌరక్కవి. మిగిలిన గౌరక్క ఎదురుగా గోడ మీద ఉంది.

గవాక్షదుర్గంలోని ఆ చిత్రశాలలో అడుగుపెట్టినవాడు ముందు నోరు వెళ్ళబెట్టేవాడు, ఆ తరువాత గట్టిగా నోరు మూసుకునేవాడు. పైకప్పు నడుమ రథచక్రమంత గుండ్రని రంధ్రం. అందులోంచి జారిన ఎండ బంగారు పళ్ళెంలా గోడ మీద పడి, పొద్దు ఎక్కేకొద్దీ కిందికి దిగుతూ ఉండేది. శంఖపు సున్నంతో మెరుగు పెట్టిన ఆ గోడ పొడవునా నిలువెత్తు మనుషులు. కిరీటాలవాళ్ళు, తలపాగాలవాళ్ళు, తెడ్డు పట్టుకున్న పడవవాడు, గజ్జెలు కట్టుకున్న నర్తకి, పాలిండ్ల మీద హారాలు మెరిసే రాణులు, వాళ్ళ వెనక మామిడి చిగుళ్ళు, నెమళ్ళు, తామరలు. ఎండ పళ్ళెం ఎవరి మీదికి వస్తే వాళ్ళ గొంతు దగ్గర నరం కొట్టుకోవడం కనిపించేది. పళ్ళెం దాటిపోగానే మళ్ళీ ఉత్త రంగు.

మాంత్రికుడు పింగళకేతుడి విద్య అది. ఒక మనిషి మేని ఛాయను వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపి, నిండు ఎండలో ఆ గోడకు అంటిస్తే, ఆ మనిషి ఎక్కడున్నా వచ్చి గోడలో పడతాడు. ఛాయ ఎక్కడ తప్పితే అక్కడి మేరకు మనిషి బయట మిగిలిపోతాడు. మిగిలినదానికి రూపం ఉండదు. పడవవాడి పెదాల రంగు తప్పింది, అందుకని వాడి ఈల మెట్ల దగ్గర తిరుగుతూ ఉండేది. తామ్రకోట మహారాజు గొంతు జబ్బుతో కందిపోయి ఉన్న సంగతి చిత్రకారుడికి తెలియలేదు, అందుకని ఆయన దగ్గు పెరటి బావి దగ్గర ఉండిపోయింది. ఆ మిగులు కోటగుమ్మం దాటిందా, గోడలో ఉన్న మనిషి దాని వెంటే నడిచి వచ్చేస్తాడు. మిగులు లేకుండా పోయిందా, గోడ ఆ మనిషి మీద శాశ్వతంగా మూసుకుంటుంది.

మహారాజు గోడ పాలైన నాడు యువరాజు ఉదయార్కుణ్ణి తమ పల్లెలోని ఖాళీ తొట్టిలో దాచి, మీద ఆకు కప్పి, వెతకవచ్చిన భటులకు తప్పుడు దారి చూపింది గౌరక్క. ఆ కోపంతోనే మాంత్రికుడు ఆమెను గోడకెక్కించాడు. ఆమెను విడిపించడానికే అగ్గన్న రంగులు కలిపేవాడి వేషంలో కోటలో చేరాడు. అదీ మూగవాడిగా. చిత్రశాల గుమ్మం మీద ఒక కంచు చిలుక ఉంది. పింగళకేతుడి గొంతు తప్ప మరే మనిషి గొంతు లోపల పలికినా అది అరుస్తుంది. అది అరిస్తే కోట తలుపు పైనుంచి పడిపోతుంది. ఆ శాలలో పనికి మూగవాళ్ళే కావాలి. బయట మిగిలిన ముక్కలు తెలిసిన గొంతు వింటే కదులుతాయని మాంత్రికుడి భయం.

కాని గౌరక్క కదల్లేదు. చేరిన రోజునే, గుండ్రాయి చప్పుడు చాటున, పెదవి కదలనంత మెల్లగా అగ్గన్న "అక్కా" అన్నాడు. చిలుక రెక్క ఒకటి సగం విప్పి మళ్ళీ ముడుచుకుంది. పాదాలు మాత్రం ఆగలేదు, తడబడనూ లేదు. తల్లి పోయిన తరువాత తనను చంకనేసుకుని పెంచిన మనిషి తన గొంతు పోల్చుకోలేదన్న సంగతి, చేప ముల్లులా అతడి గొంతులోనే ఉండిపోయింది. ఆ తరువాత రోజంతా మూగవాడిగా ఉండటం అతడికి వేషంలా అనిపించలేదు.

ఆ ఉదయం వంటశాలలో సూరసాని గంజి పోస్తూ ఎప్పటిలాగే అతడి మీద పడింది. "మూగాడా, ఇంకాస్త పోయనా? తలూపు, పోస్తా. నీకు రాబోయే పెళ్ళాం అదృష్టవంతురాలు రా. కూర బాగాలేదన్న మాట జన్మలో వినదు."

నీళ్ళతిత్తి దించుతున్న మల్లడు నవ్వాడు. "అవ్వా, వాడు మూగాడే గాని చెవిటాడు కాదు."

"విననీ. విని ఏమంటాడంట?" అంది సూరసాని.

ఆ మల్లడే ఉదయార్కుడు. తిత్తి ఏ భుజాన వేసుకోవాలో ఇప్పటికీ సరిగా తెలియని నీళ్ళవాడు. బావి దగ్గర అగ్గన్న చిప్పలు కడుగుతూ ఉంటే పక్కన చేరి, చేద వదులుతున్నట్టు నటిస్తూ చెవి ఒగ్గి నిలబడ్డాడు. బావి గట్టు మీద, గాలిలో, ముసలి దగ్గు ఒకటి వచ్చి తెగిపోయింది.

"నిన్నటికన్నా తగ్గింది, విన్నావా," అన్నాడు యువరాజు నీళ్ళలోకి చూస్తూ. "నాన్నగారి గొంతుకు ఆ మాంత్రికుడు మళ్ళీ రంగు మార్చినట్టున్నాడు. దగ్గు తగ్గితే కొడుకన్నవాడు సంతోషించాలి. నాకు ఒళ్ళు చల్లబడుతోంది."

అగ్గన్న తలూపాడు. మాంత్రికుడు ఈ మధ్యాహ్నమే గౌరక్క పాదాల పని ముగించాలని పట్టు పట్టాడనీ, తరువాత రాజుగారి వంతనీ యువరాజు చెప్పాడు. కోట తలుపు పడే గాడిలో రాతి తొట్టి అడ్డం పెడతాననీ, అది నలిగిపోయేలోగా మనిషి దూరేంత సందు ఉంటుందనీ అన్నాడు. "అక్కను కదిలించడం నీ వంతు, అగ్గన్నా. ఎలాగో నాకు తెలియదు. గుమ్మం సంగతి నేను చూసుకుంటాను." ఎలాగో అగ్గన్నకూ తెలియదు. ఆ మాట చెప్పడానికి సైగ ఏదీ దొరక్క, చిప్పను మరోసారి కడిగాడు.

అతడు శాలలోకి తిరిగి వచ్చేసరికి పింగళకేతుడు సానరాతి దగ్గర కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు, బూడిద రంగు కళ్ళు. ఈ విద్య సంపాదించడానికి తన చూపులోని రంగులన్నీ ఏ క్షుద్రదేవతకో ధారపోశాడట. పాలూ నెత్తురూ అతడి కంటికి ఒకే బూడిద. అందుకే కలిపేవాళ్ళ అవసరం. అగ్గన్న వరసగా తప్పుడు రంగులే అందిస్తూ వచ్చాడు. చామనఛాయ, గోధుమ, తేనె. మనిషి పడ్డాక గోడ తప్పు రంగును పట్టదు, కుంచెతో తాకిస్తే అవి నిలవక పొడిగా రాలిపోయేవి. మాంత్రికుడు విసుక్కోలేదు. రాలిన పొడి వైపు చూసి, అగ్గన్న చేతిని తన చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ చేతికి ఏదో వాసన ఉంది నాయనా. ఎంత కడిగినా పోనిది. నానిన ఆకు కుళ్ళిన వాసన." కళ్ళు మూసుకుని మరోసారి పీల్చాడు. "నీలిమందు తొట్ల ఊరు కదూ నీది? ఈమెదీ అదే ఊరు. తొట్టిలో నిలబడి నీళ్ళు తొక్కే ఆడదాని కాళ్ళు ఏ రంగులో ఉంటాయి? ఇన్నాళ్ళూ ఎంత తెలివితక్కువగా ఉన్నాం మనం."

ఆ 'మనం' అన్న మాట అగ్గన్న వీపు మీద తడిచేత్తో రాసినట్టుంది.

"ఏమవుతుంది నీకు? అక్కా, చెల్లెలా? మూగవాణ్ణి అడుగుతున్నాను చూడు." నవ్వి లేచాడు. నేలమాళిగలోంచి నీలిమందు తెచ్చి కలపమన్నాడు. ఎండ పళ్ళెం బొమ్మ పాదాల మీదికి వచ్చేసరికి సరైన రంగు చేతికి రాకపోతే, సున్నపు పొరతో సహా బొమ్మను గీకి కాలవలో కలిపేస్తానని, ఏదో మంచి సలహా చెబుతున్నట్టు చెప్పాడు. పళ్ళెం అప్పటికి గౌరక్క నడుము దగ్గర ఉంది.

అగ్గన్న పరుగెత్తాడు.

నేలమాళిగ మెట్ల దగ్గర ఉదయార్కుడు తిత్తితో సిద్ధంగా ఉన్నాడు. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే పని అతడిది. లోపల ఒకదాని వెనక ఒకటిగా గదులు. జాజు గుట్టలుగా పోసిన ఎర్రటి గది, హరిదళపు పచ్చటి గది, మసి బానలున్న నల్లటి గది, చివరన నీలిమందు కణికలు. ఆ గదులకు కాపలా ఒక ఊసరవెల్లి. దున్నపోతంత ఊసరవెల్లి. ఏ గదిలో ఉంటే ఆ గది రంగే దాని ఒంటిది. తన రంగులో లేనిది ఏది కదిలినా దాని నాలుక ఆగదు. ఆ నాలుక కొనను అంటుకుని ఎండిపోయిన చెయ్యి ఒకటి ఇంకా వేలాడుతోంది.

ఎర్రటి గుట్ట ఒకటి ఊపిరి పీలుస్తున్నట్టు కదిలింది. అగ్గన్న ఆలోచించలేదు. దోసిళ్ళతో జాజు ఎత్తి నెత్తిన పోసుకున్నాడు, యువరాజు ముఖాన కొట్టాడు. యువరాజు తిత్తి మూతి విప్పి ఇద్దరి మీదా నీళ్ళు గుమ్మరించాడు. ఎర్రటి బురద ముద్దలై ఇద్దరూ దాని పొట్ట పక్కనుంచి పాకారు. గుడ్డులాంటి కన్ను ఒకటి తిరిగి, వాళ్ళ మీద నిలిచి, మళ్ళీ తిరిగిపోయింది. పచ్చటి గదిలో గుమ్మం దగ్గరే దొర్లి పసుపు ముద్దలయ్యారు. వెనక గోడను రాసుకుంటూ బరువైన శరీరం వస్తోంది, ఎరుపు వదిలి పచ్చబడుతూ. నల్లటి గదిలో బాన దొరకలేదు. చీకట్లో చెయ్యి ఆడిస్తూ వెతుకుతుంటే నాలుక గాలిని కోసుకుంటూ వచ్చి యువరాజు భుజం మీది తిత్తికి అతుక్కుంది. తిత్తితో పాటు మనిషీ లేచిపోయాడు. అగ్గన్న నోట్లోకి కేక వచ్చింది. పళ్ళ వెనక దాన్ని ఆపి, పక్కనున్న బానను కాలితో తన్నాడు. మసి పొగలా లేచి గదిని, జంతువును, మనుషులను ఒక్కటి చేసింది. తన నాలుక చివర ఏముందో తనకే తెలియక ఊసరవెల్లి తిత్తిని జాడించి వదిలేసింది. ఆ గుడ్డిచీకట్లో అగ్గన్న చివరి గదిలోకి పాకి కణికను తడిమి పట్టుకున్నాడు. చూడనక్కర్లేదు, వాసన చాలు.

మసి చాటునే వెనక్కి పాకి మెట్ల మీదికి వచ్చాక యువరాజు తన భుజం పట్టుకుని రొప్పుతూ, "అరుస్తావనుకున్నాను," అన్నాడు. "చిన్నప్పటి నుంచీ మూగవాడివేనా నువ్వు?" నవ్వబోయి నవ్వలేక, కోటగుమ్మం వైపు కుంటుతూ వెళ్ళిపోయాడు.

పళ్ళెం గౌరక్క మోకాళ్ళ దగ్గరికి దిగింది.

అగ్గన్న కణికను నలగ్గొట్టి సానరాతి మీద పోసి నూరాడు. మనసులో ఒకటే అనుకున్నాడు. తప్పు కలపాలి. కాస్త పచ్చ పడనిస్తే చాలు, నీలం నెమలికంఠం వైపు పోతుంది. లేదా సున్నం ఎక్కువ చేస్తే ఆకాశం వైపు పోతుంది. రంగులు తెలియని మాంత్రికుడు మరోసారి కుంచె ముంచి మోసపోతాడు. ఆ తరువాత గీకుడుకత్తి. ఆ తరువాతి మాట ఆలోచించకుండా సున్నపు చిప్ప వైపు చెయ్యి చాచాడు. చెయ్యి మసి చిప్ప దగ్గర ఆగింది. మసి చిటికెడు. మడమ పగుళ్ళలో కనిపించే చామనకు జాజు, గోటితో గీరినంత. నీళ్ళలో నాని నాని తేలిన తెల్లదనానికి సున్నం, గోరంచు తాకినంత. తప్పు కలపాలని తల చెబుతుంటే వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కొంతసేపటికి అతడికి అర్థమైంది. తన చేతులకు ఆ పాదాలను మరొక్కసారి చూడాలని ఉంది. అంతకన్నా వేరే కారణం లేదు. ఒక మనిషిని చూడాలన్న కోరికా, ఆ మనిషిని చంపే రంగూ ఒకే చిప్పలో తయారవుతున్నాయి.

రంగు తేరుకుంది. మెరుపు లేని, లోపల ఎక్కడో నులివెచ్చని, నల్లనీలం. చిప్పలో అక్క మడమ ఉన్నట్టే ఉంది. వెనక పాదాల చప్పుడు సన్నబడింది.

ఆ సన్నబడటంలోనే అతడు మొదటిసారి దాన్ని సరిగ్గా విన్నాడు. ఇన్నాళ్ళూ అది నడక అనుకున్నాడు. అక్క తనను వెతుక్కుంటూ శాలంతా తిరుగుతోందనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఎంత సుఖం ఉండేదో ఇప్పుడు తెలిసింది. నడిచే పాదం చోటు మారుతుంది. ఈ చప్పుడు చోటు మారలేదు. కుడి, ఎడమ, కుడి, తరువాత మడమ ఈడుస్తూ ఒక లాగుడు. మళ్ళీ కుడి. నీళ్ళను అడుగు నుంచి పైకి తిప్పే తొక్కుడు అది. గౌరక్క ఎవరినీ వెతకడం లేదు. తొట్టిలో ఉంది. పనిలో ఉంది.

తొట్టి మొదలుపెట్టిన మనిషి మధ్యలో ఎక్కి రాదు. మోకాళ్ళు పట్టేసినా, ఇంట్లో బిడ్డ ఏడ్చినా, గట్టు మీదినుంచి పేరు పెట్టి పిలిచినా రాదు. కాళ్ళు ఆగితే తొట్టిలో రంగు విరుగుతుంది, పల్లె మొత్తం చాకిరీ నేలపాలవుతుంది. పచ్చ నురుగు నీలం తిరిగేదాకా చూడటానికి గట్టు మీద ఒకడు ఉంటాడు. వాడు చెప్పాల్సిన మాట ఒకటుంది. అది తప్ప తొక్కేవాళ్ళ చెవికి మరే మాటా ఎక్కదు. "అక్కా" అని పిలిస్తే ఆమె ఎలా ఆగుతుంది? పనిలో ఉన్నప్పుడు తను ఎన్నిసార్లు పిలవలేదు, ఆమె ఎన్నిసార్లు విననట్టు ఉండలేదు. తన గొంతు ఆమె మరిచిపోలేదు. తను పిలిచిన మాటే వేరు.

గట్టు మీద నురుగు చూసే పని అగ్గన్నదే.

పళ్ళెం పాదాల అంచును తాకింది. బొమ్మ మెడ దగ్గర నరం ఇంకా వేగంగా కొట్టుకోసాగింది. పింగళకేతుడు చిప్ప అందుకుని, ఉడుత వెంట్రుకల కుంచె ముంచి, ఎత్తి పట్టుకున్నాడు. కుంచె కొన గోడ వైపు దానంతట అదే వంగింది. "ఇది నిలిచే రంగే," అన్నాడు తృప్తిగా. "బరువు తెలుస్తోంది. మంచి పనివాడివి నాయనా." మొదటి చుక్క బొటనవేలి మీద పడింది. రాలలేదు. శాల నడుమ తొక్కుడు వరసలో ఒక అడుగు తగ్గింది. కుడి, ఎడమ, లాగుడు.

అగ్గన్న గుమ్మం వైపు చూశాడు. కంచు చిలుక కళ్ళు తెరిచే ఉన్నాయి. దూరంగా కోటగుమ్మం దగ్గర రాతి తొట్టిని ఈడుస్తున్న చప్పుడు వచ్చింది, ఆగింది. సరిగ్గా గాడిలో పడిందో లేదో తెలియదు. ఇన్ని రోజులు మాట్లాడని నోరు తనదేనా అన్న సందేహం వచ్చింది. గొంతు ఎలా లేపాలో గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. రెండో చుక్క కోసం కుంచె వంగింది.

అతడు సానరాతి దగ్గర నుంచి లేచి, తొట్టి గట్టు మీద నిలబడినట్టు నిలబడి, నడుము మీద చేతులు ఆనించి, పెద్దగా కాకుండా, పని ముగిసినప్పుడు పిలిచే మామూలు గొంతుతో అన్నాడు:

"పండిందక్కా. ఎక్కు."